నాన్న తోటకు ఎలుగుబంటి వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారు ఉపాధ్యాయుడిగా రిటైరయ్యారు. అమ్మ పోయాక మాచర్ల అవతల, నల్లమల అంచున నాలుగెకరాల మామిడి, సపోటా తోట కొనుక్కుని అక్కడే ఉంటున్నారు. వయసు 69. తోడుగా ఒక కాపలా కుటుంబం ఉంది. పది రోజుల కిందట తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళుతుంటే ఇరవై అడుగుల దూరంలో ఎలుగుబంటి లేచి నిలబడిందట. నాన్న కదలకుండా ఉండిపోయారు. కాసేపటికి అది వెనక్కి తిరిగి వెళ్లిపోయింది, అప్పుడు చూస్తే దాని వీపు మీద పిల్ల ఉందట. ఆ తర్వాత మరో రెండుసార్లు వచ్చి గట్టు మీది పుట్ట తవ్వింది. తోట చుట్టూ తీగ లాగి కరెంటు పెడదామని అన్నయ్య అంటున్నాడు. అడవి పందుల కోసం చుట్టుపక్కల కొందరు అలాగే చేస్తున్నారట. నాన్నను గుంటూరు తీసుకొచ్చేద్దామని నేనంటున్నాను. ఆయన తోట వదిలి రానంటున్నారు. మాలో ఎవరి మాట సరైనది?

జవాబు: అమ్మా, మిగతాది చదవడానికి ముందు మీ అన్నయ్యకు ఫోను చేసి, తీగ లాగవద్దని చెప్పండి. తక్కినవన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు. ఇది ఒక్క రాత్రి కూడా వాయిదా వేసే విషయం కాదు.

నేను అటవీశాఖలో పనిచేసి, రిటైరై విజయవాడలో ఉంటున్నాను. ఉద్యోగంలో నన్ను ఎక్కువ కుంగదీసినవి పులులూ ఎలుగులూ కావు, పొలాల్లో దొంగచాటుగా పెట్టిన కరెంటు తీగలు. ఒక చలికాలం ఉదయం కంది చేను గట్టు మీద చూసింది ఇప్పటికీ మరిచిపోలేదు. పందుల కోసం ఒకరు రాత్రి తీగ లాగారు. పక్క పొలం కుర్రాడు నీళ్లు కట్టడానికి వస్తూ దాన్ని తాకాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మేం వెళ్లేసరికి తెల్లగా తెల్లవారింది, అతని టార్చిలైటు మాత్రం గడ్డిలో ఇంకా వెలుగుతూనే ఉంది. ఒక చెప్పు కాలికే ఉంది, రెండోది బోదెలో తేలుతోంది. తీగ పెట్టిన రైతు అతనికి వరసకు బాబాయి. ఒక కుటుంబం కొడుకును పోగొట్టుకుంది, రెండో కుటుంబం పెద్దదిక్కును జైలుకు పంపింది. ఆ రాత్రి ఆ చేలోకి పందులు రానే లేదు.

మీ నాన్నగారు చీకట్లో మోటారు దగ్గరికి నడిచే మనిషి. ఆ తీగ వల్ల మొదటి ప్రమాదం ఆయనకే. తర్వాత కాపలా వాళ్లకు, మామిడికాయలు కోయడానికి వచ్చే కూలీలకు, మేకల వెంట వచ్చే పిల్లలకు. ఇక చట్టం మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. తీగ పెట్టి చంపినా చంపినట్టే లెక్క. కరెంటు దొంగతనం కేసు దానికి అదనం. మనిషి ప్రాణం పోతే ఇక చెప్పేదేముంది? చుట్టుపక్కల అందరూ పెడుతున్నారన్న మాట కోర్టులో నిలవదు.

సోలార్ కంచె సంగతి వేరు. బ్యాటరీతో నడిచే పెట్టె సెకనుకోసారి, అదీ రెప్పపాటు మాత్రమే, తీగలోకి కరెంటు పంపుతుంది. ముట్టుకున్న జంతువుకు గట్టిగా జివ్వుమంటుంది, ప్రాణం పోదు. ప్రమాణాలకు తగిన పెట్టెను, తెలిసినవాళ్లతో బిగించుకోవాలి. తీగ కింద గడ్డి పెరిగి తగిలిందంటే దెబ్బలో జోరు పోతుంది కాబట్టి వారం వారం గడ్డి కోస్తూ ఉండాలి. ఆ ఓపిక ఉంటేనే పెట్టించండి. నాలుగెకరాల చుట్టూ అక్కరలేదు, మనుషులు పడుకునే చోటు చుట్టూ ఉంటే చాలని నా అభిప్రాయం. పెట్టె చెడిపోయిందని ఎవరైనా ఆ తీగకు నేరుగా లైను తగిలిస్తే మాత్రం అది మళ్లీ ఆ కంది చేను తీగే అవుతుంది.

ఇప్పుడు ఎలుగుబంటి దగ్గరికి వద్దాం. మీ నాన్నగారు ఆ రోజు చేయవలసిన పనే చేశారు. అది లేచి నిలబడింది మీద పడడానికి కాదు. దానికి చూపు తక్కువ, చెవులూ అంత చురుకైనవి కావు. ముక్కు మాత్రం అమోఘం. ఎదురుగా ఉన్నది ఏమిటో తేల్చుకోవడానికి లేచి గాలిలో వాసన పడుతుంది. ఆ క్షణంలో ఆయన పరుగెత్తినా, అరుస్తూ కర్ర ఎత్తినా, వీపు మీద పిల్లను మోస్తున్న ఆ తల్లి ఊరుకునేది కాదు.

చాలామంది ఎలుగుకు కోపం ఎక్కువ అంటారు. నేను దాన్ని కోపం అనను. పులి తిరిగే అడవుల్లో బతకడం నేర్చుకున్న జంతువు అది. జింకలా పరుగెత్తి తప్పించుకోలేదు. పులి ఎదురుపడితే తిరగబడడమే దానికున్న దారి. అందుకే భయపడినప్పుడు పారిపోవడానికి బదులు మీదికి వస్తుంది. మనిషిని తినాలని రాదు. మనల్ని ఆలస్యంగా పసిగట్టి, మరీ దగ్గరైపోయామని బెదిరి వస్తుంది. ఎలుగు దాడుల్లో ఎక్కువ భాగం ఇలా హఠాత్తుగా ఎదురుపడినప్పుడు జరిగినవే. కాబట్టి మన జాగ్రత్తలో సగం, మనం వస్తున్నట్టు దానికి ముందే తెలియజేయడంలోనే ఉంది.

ఈ సంగతి నాకు నేర్పింది నల్లమలలో మాతో పనిచేసిన ఒక చెంచు పెద్దాయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరం ఎండిపోయిన వాగు వెంట నడుస్తున్నాం. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాడు. ఎక్కడో కొలిమి తిత్తి ఊదుతున్న చప్పుడు. బుస్సుమని ఊదడం, వెంటనే సర్రుమని పీల్చడం. నాకేమీ కనిపించలేదు. "పుట్ట తింటోంది" అన్నాడు. ఎలుగు గోళ్లతో పుట్టను చీల్చి, ముందు మట్టిని ఊదేసి, తర్వాత చెదలను పీల్చుకుంటుంది. దాని పై దవడలో ముందరి రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచే పీలుస్తుంది. ముక్కులోకి మట్టి పోకుండా ముక్కు రంధ్రాలను మూసుకోగలదు కూడా. ఆ పనిలో మునిగినప్పుడు మనం పక్కకు వచ్చినా దానికి తెలియదు, దాని చప్పుడే దాని చెవులను కప్పేస్తుంది. పెద్దాయన గట్టిగా దగ్గాడు. కర్రతో బండను రెండుసార్లు కొట్టాడు. ఇంట్లోవాళ్లతో మాట్లాడినట్టు, "వస్తున్నామయ్యా, పక్కకు జరుగు" అన్నాడు. చప్పుడు ఆగింది. పొదలు కదిలాయి. కాసేపు కూర్చుని, బీడీ కాల్చుకుని, అప్పుడు ముందుకు కదిలాం. ఆ తర్వాత ఎన్నేళ్లు తిరిగినా ప్రతి మలుపు దగ్గరా నేను దగ్గుతూనే నడిచాను.

మీ నాన్నగారి చేతికి ఒక పొడుగాటి కర్ర ఇవ్వండి. దాని మెడకు గొర్రెలకు కట్టే గంటో నాలుగు మువ్వలో కట్టండి. అడుగడుక్కీ చప్పుడవుతుంది. మాస్టారు కాబట్టి పద్యాలు కంఠస్థంగా ఉంటాయి, గొంతెత్తి రాగం తీస్తూ నడవమనండి. నిజంగానే చెబుతున్నాను, మనిషి గొంతును మించిన హెచ్చరిక ఎలుగుకు లేదు. టార్చి వెలుగును కాళ్ల ముందు ఒకసారి, దూరంగా చెట్ల మొదళ్ల మీద ఒకసారి మార్చి మార్చి వేయాలి.

అసలు తెల్లవారుజామున ఆ నడకే లేకుండా చేయవచ్చు. ఫోనుతో నడిచే మోటారు స్టార్టర్లు ఇప్పుడు పల్నాడులో చాలా బోర్లకు ఉన్నాయి. కరెంటు వచ్చిందని ఫోనుకు కబురు వస్తుంది, మంచం మీద నుంచే మోటారు వేయవచ్చు, ఆపవచ్చు. కంచె కోసం మీ అన్నయ్య పక్కన పెట్టిన డబ్బులో కొంచెంతో ఈ పని అయిపోతుంది. ఎలుగు తిరిగేది ఎక్కువగా సాయంత్రం చీకటి పడినప్పటి నుంచి ఉదయం వెలుతురు వచ్చే దాకా. పగలు గుండ్ల మధ్య, గుహల్లో, దట్టమైన పొదల్లో పడుకుంటుంది. సూర్యోదయం అయ్యాక అరగంటకు తోటలో అడుగు పెడితే, సూర్యాస్తమయానికి ముందే పాక దగ్గరికి చేరితే, ఎదురుపడే అవకాశం చాలావరకు తగ్గిపోతుంది.

అది ఎందుకు వస్తోందో చూడమనండి. ఈ రోజుల్లో అడవిలో తునికి, ఈత, నేరేడు ఒకదాని వెనక ఒకటి పండుతాయి, రేల కాయలు రాలతాయి. పాలిచ్చే తల్లికి అవి చాలవు. మీ తోటలో ఒక్కచోటే రాలి మగ్గిన మామిడిపళ్లు, సపోటాలు ఉన్నాయి, గట్టు మీద చెదల పుట్ట ఉంది. అడవిలో రాత్రంతా తిరిగితే దొరికేది ఇక్కడ అరగంటలో దొరుకుతోంది. రాలిన పళ్లను పొద్దున్నే కాదు, చీకటి పడకముందే ఏరాలి. కుళ్లినవాటిని హద్దు అవతల పారబోస్తారు చాలామంది. అది ఎలుగుకు విస్తరి వేసినట్టే. రెండడుగుల గొయ్యి తీసి పూడ్చండి. పాకకు దగ్గరగా ఉన్న చెట్లలో తేనెపట్టు ఉంటే తెలిసినవాళ్లతో తీయించండి. పాక చుట్టూ నలభై యాభై గజాల మేర పొదలు కొట్టించి, అక్కడ పుట్ట ఉంటే చదును చేయించండి. దూరంగా, అడవి వైపు గట్టు మీద ఉన్న పుట్టను మాత్రం ముట్టుకోవద్దు. అది అక్కడే కడుపు నింపుకుని వెళ్లిపోతే మనకే మంచిది. పైపు జాయింటు కారి పాక పక్కన నీళ్లు నిలుస్తుంటే బాగుచేయించండి. వేసవిలో పళ్ల కన్నా నీళ్ల కోసమే ఎక్కువ జంతువులు వస్తాయి. బెల్లం, నూనె, మిగిలిన అన్నం, కడగని గిన్నెలు రాత్రి బయట ఉండకూడదు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడిమామిడి, పనస తోటల మధ్యే ఎలుగులు తిరుగుతూ మనుషులకు ఎదురుపడుతున్నాయంటే, అక్కడా మూలం ఈ తిండే.

కుక్క ఉంటే రాత్రి కట్టేసి లోపల ఉంచండి. విడిచిన కుక్క ఎలుగు మీదికి ఉరుకుతుంది, అది తిరగబడగానే యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకే ఎలుగు కూడా. చిరుత తిరిగే చోట కుక్కే ఎర అవుతుంది.

ఇంత చేసినా ఎదురుపడితే? చిన్నప్పుడు మనమంతా ఇద్దరు స్నేహితుల కథ విన్నాం. ఒకడు చెట్టెక్కాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి పడుకున్నాడు, ఎలుగు వాసన చూసి వెళ్లిపోయింది. ఆ కథ పిల్లలకు స్నేహం గురించి చెప్పడానికి బాగుంటుంది కానీ, దాన్ని నమ్ముకుని చెట్టెక్కితే ప్రాణం మీదికి వస్తుంది. తేనె కోసం చెట్లెక్కడం ఎలుగుకు రోజూ ఉన్న పనే. దూరంగా కనిపిస్తే పడుకోనూ వద్దు. దానివైపే ముఖం పెట్టి, నెమ్మదిగా మాట్లాడుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేయాలి. తల్లికీ పిల్లకూ మధ్యకు పోకూడదు. పరుగు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఎంత బలంగా ఉన్న మనిషినైనా అది అందుకుంటుంది.

మీదికే వచ్చేసి, ఇక తప్పించుకునే వీలు లేదనుకున్నప్పుడు మాత్రమే నేల మీద పడుకోవాలి. అదీ వెల్లకిలా కాదు, బోర్లా. రెండు చేతుల వేళ్లూ మెడ వెనక పెనవేసి, మోచేతులతో ముఖాన్ని రెండు వైపులా కప్పుకోవాలి. దాని గోళ్లు మూడు నాలుగు అంగుళాలు ఉంటాయి, అది కొట్టేది ముఖాన్నీ తలనూ. దొర్లించాలని చూసినా బోర్లాగానే ఉండడానికి ప్రయత్నించాలి. అది వదిలి వెళ్లాక కూడా వెంటనే లేవకూడదు. చప్పుడు పూర్తిగా దూరమయ్యే దాకా అలాగే ఉండాలి. ఇది మీ నాన్నగారి చేత, కాపలా దంపతుల చేత పగటిపూట రెండుసార్లు చేయించి చూడండి. నవ్వుకుంటూ చేసినా ఫరవాలేదు. భయంలో మెదడు పనిచేయదు, ఒంటికి అలవాటైనదే పనిచేస్తుంది. గాయమైతే రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి 108కి ఫోను చేయాలి. ఎలుగు గీరినా, కరిచినా కుక్క కరిచినప్పటిలాగే సబ్బుతో పావుగంట కడిగి, రేబిస్ టీకాలు, వాటితో పాటు గాయంలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా వేయించాలి. కుట్లు వేయించుకుని టీకా సంగతి మరిచిపోయినవాళ్లను చూశాను.

చిరుత విషయంలో ఒక్క తేడా గుర్తుంచుకోండి. దాని ముందు వంగకూడదు, కూర్చోకూడదు. నిటారుగా నిలబడి పెద్దగా కనిపించాలి. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఒక చిన్నారి చిరుత వాతపడింది. ఆ తర్వాత మధ్యాహ్నం 2 దాటాక పిల్లలను ఆ దారిలో పంపలేదు, పెద్దలను గుంపులుగా, చేతికర్రలతో నడిపించారు. సెలవులకు మీ పిల్లలు తాతగారి తోటకు వెళితే చీకటి పడ్డాక ఆరుబయట ఒంటరిగా వదలకండి.

మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. ఆ తోటలో ఎలుగు కన్నా పాముకే నేను ఎక్కువ భయపడతాను. రాలిన పళ్ల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. నాన్నగారూ కాపలా వాళ్లూ మంచం మీదే, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోవాలి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం అంటూ గడియ కూడా పోగొట్టవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే. పామును పట్టుకెళ్లి చూపించనక్కరలేదు.

అటవీశాఖ బీట్ ఆఫీసరు ఫోను నంబరు పాక తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఎలుగు వచ్చినట్టు ఇప్పటికే చెప్పకపోతే రేపే చెప్పండి. పాదముద్రలుంటే గిన్నె బోర్లించి కాపాడమనండి. మనిషి పాదంలాగే ఉండి, వేళ్లకు కాస్త ముందుగా గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. తెలిసినవాళ్లు చూస్తే అది ఎంత పెద్దదో, ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. పంట పోయినా, పశువు పోయినా పరిహారానికి ఆ కబురే ఆధారం. బోను పెట్టి పట్టుకుపొమ్మని మాత్రం మొదటి రోజే పట్టుపట్టకండి. తల్లి బోనులో పడి పిల్ల బయట ఉండిపోతే రెండూ నాశనమవుతాయి. అదీ కాక, పళ్లు అలాగే రాలి ఉంటే ఆ ఖాళీలోకి ఇంకో ఎలుగు వస్తుంది. ఎప్పుడైనా పగటిపూట అది కనిపిస్తే ఊరివాళ్లు కర్రలతో, ఫోన్లతో చుట్టుముట్టకుండా ఆపమనండి. మామూలుగా తప్పుకుపోయే జంతువు దారి మూసుకుపోయినప్పుడే మనుషుల మీద పడుతుంది. టపాకాయలు కూడా వద్దు. పిల్ల ఉన్న తల్లి బెదిరి ఎటు దూకుతుందో చెప్పలేం, ఎండుగడ్డికి నిప్పంటుకుంటే తోటే పోతుంది.

చివరికి మీ ప్రశ్న. అన్నయ్య మాట పూర్తిగా తప్పు. మీ మాట ప్రేమతో అన్నది, కానీ నేను దాన్నీ ఒప్పుకోను. భార్య పోయిన మనిషి నాలుగు చెట్ల మధ్య మళ్లీ కాళ్లూనుకున్నారు. గుంటూరు అపార్ట్‌మెంటులో ఒక గదిలో ఆయన భద్రంగా ఉంటారు, కానీ పొద్దున లేవగానే చేయడానికి పని ఉండదు. చీకట్లో నడవనని మీకు మాట ఇస్తే, నేను చెప్పినవి చేయడానికి ఒప్పుకుంటే, ఆయన్ను ఉండనివ్వండి. పళ్లు రాలే ఈ రెండు నెలలూ మీ అన్నయ్యో, మీ ఇంట్లో ఇంకొకరో వారానికి రెండు మూడు రాత్రులు అక్కడ పడుకోండి. తీగ లాగడానికి ఉన్న తీరిక దీనికీ ఉంటుంది కదా.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. పిల్ల ఇంకా వీపు మీదే ఉందంటే పోయిన చలికాలంలో పుట్టినదై ఉంటుంది. రెండేళ్లకు పైగా తల్లితోనే తిరుగుతుంది. ఆ తల్లికి మీ తోట దారి తెలిసిపోయింది కాబట్టి వచ్చే వేసవికీ రావచ్చు. అందుకే నాన్నగారిని ఒక నోటుబుక్కు పెట్టమనండి. ఏ తేదీన వచ్చింది, ఎన్ని గంటలకు, ఎటు నుంచి, ఏ చెట్టు కింద ఆగింది, రాయమనండి. మాస్టారి చేతిరాతలో సీతాఫలాల కాలం దాకా సాగిన ఆ పుస్తకం బీట్ ఆఫీసరుకు చాలా పనికొస్తుంది. నాకూ ఒకసారి చూడాలని ఉంది, ఫొటోలు తీసి పంపండి. స్టార్టరు మాత్రం ఈ ఆదివారమే బిగించేలా చూడండి.